తొందర తూకం

విశాఖలో బస్సెక్కేటప్పుడు మాడుగుల వెళ్తున్నానంటే, వచ్చేటప్పుడు హల్వా పట్రమ్మంటారు. కొండ కింద ఉన్న మాడుగులకు ఆ పేరుంది. కష్టపడి తెచ్చుకున్న మంచి పేరది. ఆ మాడుగుల కాదు, పైన ఉన్నది, గంగరాజు మాడుగుల అనగానే అడిగినవారి గొంతు మారిపోతుంది. నేను బయలుదేరే ముందురోజు మా పక్కింటి కుర్రాడు, ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం చదువుతున్నవాడు, "జి.మాడుగులా తాతగారూ? చలి, మలేరియా, గంజాయి" అన్నాడు. మూడు మాటల్లో ఒక మండలం అయిపోయింది. ఆ అబ్బాయి గరికబంద ఘాటు ఎప్పుడూ ఎక్కలేదు. కొత్తపల్లి జలపాతం ముందు నిలబడలేదు. సిల్వర్ ఓక్ మానుకు పాకిన మిరియాల తీగనూ, ఆ నీడలో పూసిన కాఫీ మొక్కనూ చూడలేదు. కళ్ళంలో పసుపు ఉడుకుతున్నప్పుడు ఊరంతా కమ్ముకునే వాసన ఎరగడు. అయినా మంచి పిల్లవాడు. నాకు జ్వరమొస్తే రాత్రిపూట మందుల షాపు వెతికి మరీ మందులు తెచ్చిపెట్టాడు. అంత మంచి పిల్లవాడి నోట్లోకి ఆ మూడు మాటలు ఎక్కడినుంచి వచ్చాయా అనుకుంటూనే ఘాటంతా ఎక్కాను.

ఈ స్మారకోపన్యాసం ఎవరి జ్ఞాపకార్థం జరుగుతున్నదో ఆ మాస్టారిని నేను చూడలేదు. ఆయన శిష్యులు చెప్పిన ఒక్క సంగతి నన్ను ఇక్కడికి రప్పించింది. హాస్టల్లో కొత్తగా చేరిన పిల్లల రిజిస్టరులో ప్రతి పేరుకూ ఎదురుగా అభిప్రాయం రాయవలసిన గడి ఒకటి ఉండేదట. సంక్రాంతి సెలవులు ముగిసేదాకా మాస్టారు ఆ గడులన్నీ ఖాళీగా ఉంచేవారట. తనిఖీకి వచ్చినవారు అడిగితే, "ఇంకా చూస్తున్నానండి" అనేవారట. జూన్‌లో చేరిన పిల్లవాడిని జనవరి దాకా చూసేవారు! నేను ముప్పై ఏళ్ళకు పైగా తెలుగు పాఠం చెప్పాను. జూలై మొదటివారం దాటకుండానే గడులన్నీ నింపేసేవాణ్ణి. ఆయన ఊరికి వచ్చి మాట్లాడే అర్హత నాకు ఏ కొంచెమైనా ఉంటే, అది ఆ తప్పు చేసినవాడిగానే.

పదిహేనేళ్ళ వయసులో మనం మనుషుల మీద వేసే ముద్రల గురించి, కథ ఆ ముద్రల్ని ఏం చేస్తుందన్న దాని గురించి మాట్లాడతాను. ఇక్కడ కూర్చున్న పిల్లలకు ఆ మాటలు నాకన్నా బాగా తెలుసు. 'బిల్డప్', 'ఓవర్', 'వేస్ట్', 'వాడో టైపు', 'తేడా'. మా కాలంలో 'మొద్దు', 'మూగ', 'పొగరు' ఉండేవి. అన్నీ పొట్టి మాటలే. ఎదుటివాడు గుమ్మం దాటి బెంచీ దగ్గరకొచ్చేలోపు పూర్తయిపోవాలి కదా.

పిల్లలు ఇలా ఎందుకు చేస్తారని ఆలోచించినవారు లోకంలో చాలామంది ఉన్నారు. 1967లో డేవిడ్ ఎల్కైండ్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త, ఈ వయసు పిల్లల చుట్టూ ఎప్పుడూ ఒక ఊహా ప్రేక్షక సమూహం ఉంటుందని రాశాడు. చొక్కా మీద సిరా మరక పడితే బడి బడంతా దాన్నే చూస్తోందనుకుంటారు. ఈ మాట చదివిన రోజు నాకు నా పదిహేనో ఏడు అర్థమైంది. అందరూ నన్ను తూకం వేస్తున్నారన్న భయంతో బతికేవాడు, తన వంతు రాకముందే ఎదుటివాణ్ణి తక్కెడలో పడేస్తాడు. అందుకే పిల్లల తొందరపాటు మీద నాకు కోపం రాదు. ఆ తొందర భయం నుంచి పుట్టింది.

నాకు దిగులు కలిగించేది ఆ తొందరకు దొరికే మాటల సంగతి. 1946లో సాల్మన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశాడు. ఒక మనిషిని ఏడు గుణాలతో వర్ణించి కొందరికి వినిపించాడు: తెలివైనవాడు, నేర్పరి, కష్టజీవి, ఆప్యాయంగా ఉండేవాడు, పట్టుదల గలవాడు, వ్యవహారజ్ఞుడు, జాగ్రత్తపరుడు. ఇంకొందరికి అదే జాబితా వినిపించి, 'ఆప్యాయంగా ఉండేవాడు' అన్నచోట 'ముభావంగా ఉండేవాడు' అన్న అర్థం వచ్చే మాట పెట్టాడు. మిగిలిన ఆరూ అవే. కానీ రెండో గుంపువారు వేరే మనిషిని ఊహించుకున్నారు. మార్చింది ఒక్క మాట. మారింది మనిషే.

అలాంటి మాటలు పిల్లలు పుట్టించరు. పెద్దల దగ్గర అవి తయారుగా ఉంటాయి. మనం రోజూ వాడే 'ఏజెన్సీ' అన్న మాటనే చూడండి. 1839లో అప్పటి ప్రభుత్వం గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలకు మామూలు చట్టాలు, కోర్టులు వర్తించవని చట్టం చేసి, ఈ కొండల్ని గవర్నరు ఏజెంటు కింద పెట్టింది. ఆ ఏజెంటు పోయాడు, ఆ గవర్నరూ పోయాడు, ఆ మాట మాత్రం ఇప్పటికీ మన నోళ్ళలో ఉంది. మైదానంలో పుట్టిన పిల్లవాడికి ఉగ్గుపాలతోపాటే 'కింద', 'పైన' అన్న రెండు లోకాలు అందుతాయి. అంతకన్నా దారుణమైన మాట చట్టంలోనే ఉండేది. 1871లో మొదలైన నేరస్థ తెగల చట్టం కొన్ని కులాల బిడ్డల మీద పుట్టుకతోనే దొంగ అన్న ముద్ర వేసింది. 1911 నాటి చట్టంతో ఆ ముద్ర మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. స్టువర్టుపురం లాంటి సెటిల్మెంట్లలో ఆ ముద్ర కిందే తరాలు గడిచాయి. దేశమంతటా ఆ చట్టం రద్దయ్యేసరికి 1952 వచ్చింది.

అదే 1952లో తెలుగు కథ ఒకటి ప్రపంచానికి తెలిసింది. పాలగుమ్మి పద్మరాజు గారి 'గాలివాన'కు న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి వచ్చింది. ఆ రెండు సంగతులూ ఒకే ఏట జరగడం యాదృచ్ఛికమే గానీ, నాకు అవి పక్కపక్కనే గుర్తుంటాయి. ఆ కథలో రావుగారు ప్లీడరు, నియమాలు గల పెద్దమనిషి. రైలు పెట్టెలోకి ఒక ముష్టి మనిషి ఎక్కుతుంది. ఆమె ఎలాంటిదో ఆయన మనసులో క్షణంలో తేలిపోయింది. తరువాత గాలివానలో, చీకటి స్టేషన్లో, ఆ నియమాలేవీ అక్కరకు రానప్పుడు ఆయనకు ఒంటి వెచ్చదనమూ ధైర్యమూ ఇచ్చింది ఆమే. తెల్లవారేసరికి ఆమె చనిపోయి ఉంది. ఆమె చేతిలో ఆయన పర్సు ఉంది.

ఈ కథను తరగతిలో చెప్పిన ప్రతిసారీ ఒక విద్యార్థి లేచి, "అయితే ఆమె దొంగే కదండీ, రావుగారు మొదట అనుకున్నది నిజమే కదా" అనేవాడు. నేను చాలా ఏళ్ళు ఆ ప్రశ్నను సరిగ్గా వినలేదు. కథ గొప్పతనమంతా ఆ ప్రశ్నలోనే ఉంది. మొదటి తీర్పు అబద్ధమని పద్మరాజు గారు నిరూపించలేదు. నిజమై కూడా అది ఎంత తక్కువో చూపించారు. ఆ చెయ్యి పర్సు తీసింది. ఒక మనిషిని చావుభయం నుంచి రాత్రంతా కాపాడింది కూడా ఆ చెయ్యే. ఏ ఒక్క మాటలోనూ ఆ రెండు పనులూ ఒదగవు. మంచి కథలో ఎక్కడో ఒకచోట ఇలా తీర్పులో ఒదగని వివరం ఒకటి ఉంటుంది. కథ చదవడమంటే దాన్ని వెతుక్కోవడమేనని నాకు ఇన్నేళ్ళకు తెలిసింది.

రావుగారు వయసు మళ్ళినవాడు. పిల్లల కథకు వస్తాను. యూజీనియా కోలియర్ అనే నల్లజాతి అమెరికన్ రచయిత్రి 1969లో రాసిన కథ పేరు 'బంతిపూలు' అని చెప్పుకోవచ్చు. మీ ఇళ్ళ ముందు పూసే పువ్వే. కాలం 1930ల ఆర్థిక మాంద్యం. మేరీల్యాండ్ పల్లెలో నల్లవారి పేట. ఎండ, దుమ్ము, పనిలేని నాన్నలు. పద్నాలుగేళ్ళ లిజబెత్, ఆమె తమ్ముడు, ఇంకొందరు పిల్లలు. పేటలోకెల్లా కూలిపోవడానికి సిద్ధంగా ఉన్న ఇంట్లో మిస్ లాటీ అనే ముసలామె, మతి సరిగా లేని కొడుకుతో ఉంటుంది. పిల్లలకు ఆమె మంత్రగత్తె. ఆ ఇంటిముందు మాత్రం, ఆ బూడిదరంగు దుమ్ములో, ఎక్కడా లేని బంతిపూలు విరగబూసి ఉంటాయి.

పిల్లలకు ఆ పూలంటే కంటగింపు. ఎందుకో చూడండి. మంత్రగత్తె అన్న మాటలో ఆమె ఇల్లు ఒదుగుతుంది, చింకి బట్టలు ఒదుగుతాయి, కొడుకూ ఒదుగుతాడు. బంతిపూలే ఒదగవు. అందుకని పూల మీద రాళ్ళు వేస్తారు. ఆ రాత్రి లిజబెత్ పడకలోంచి ఒక శబ్దం వింటుంది. కొండలా నిలబడే నాన్న, పని దొరక్క, అమ్మ దగ్గర వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. నాన్న ఏడవడు అన్నది ఆ పిల్లకు లోకం నిలబడ్డ రాట. అది విరిగింది. తెల్లవారుజామున లేచి పరుగెత్తి, బంతిమొక్కలన్నీ పీకి నేల పాలు చేసింది. తలెత్తితే ఎదురుగా మిస్ లాటీ. కొట్టలేదు, తిట్టలేదు. లిజబెత్ అప్పుడు ఆమె ముఖాన్ని మొదటిసారి చూసింది. మంత్రగత్తె కనిపించలేదు. ఒక ముసలి మనిషి, మిగిలిన ఒక్క అందమూ పోయిన మనిషి కనిపించింది. తరువాత ఆమె మళ్ళీ బంతిపూలు వేయలేదు.

నాన్న ఏడుపుకూ ముసలామె మొక్కలకూ ఏమిటి సంబంధమని మా తరగతుల్లో అడిగేవారు. అడగవలసిన ప్రశ్నే. ఇంట్లో అప్పులవాడు వచ్చి వెళ్ళిన మర్నాడు మనం బడిలో ఎవరిని ఏడిపించామో తలుచుకుంటే జవాబు దొరుకుతుంది.

మన ఉత్తరాంధ్రలో చాగంటి సోమయాజులు గారు, మన చాసో, ఇదే వయసును అవతలి వైపు నుంచి చూశారు. 'ఎందుకు పారేస్తాను, నాన్నా?' కథలో కుర్రవాడికి చదువంటే ప్రాణం, ఇంట్లో ఫీజుకు డబ్బు లేదు. నాన్నకు చుట్టలు తేవడానికి వెళ్ళాలి. దారిలో బడి. మంచి బట్టలు వేసుకుని బడికి పోయే తోటి పిల్లల కళ్ళకు తాను ఎలా కనబడతాడా అని ఆ పిల్లవాడు పడే బాధ ముందు నాకు ఎల్కైండ్ సిద్ధాంతం చిన్నదైపోతుంది. ఆ ఊహా ప్రేక్షకులకు చాసో విజయనగరం వీధిని, బడి గోడను ఇచ్చారు. తిలక్ గారి 'నల్లజర్ల రోడ్డు'లో రాత్రివేళ అడవి దారిలో కారు ఆగిపోయిన పట్నవాసులకు గుడిసెలో ఉండే సిద్ధయ్య, సీతాలు దిక్కవుతారు. ఎవరు నాగరికులో, ఎవరు కారో ఆ చీకట్లో తేలుతుంది. ఒకటి మాత్రం గమనించాను. చాసో కథ తప్ప ఈ కథలన్నీ చూసేవారి వైపు నుంచి రాసినవి. గుడిసెలో ఉన్నవారు కారులో ఉన్నవారిని చూసి ఏమనుకున్నారో రాసిన కథలు మనకు చాలా ఆలస్యంగా వచ్చాయి. పార్వతీపురం కొండల నుంచి మల్లిపురం జగదీశ్ 'శిలకోల' కథలు తెచ్చారు. తెలంగాణ తండా నుంచి రమేశ్ కార్తీక్ నాయక్ రాసిన 'ఢావ్లో' కథలకు 2024లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. ఈ మండలం నుంచి కూడా అలాంటి పుస్తకం రావాలని ఎందుకంతగా కోరుకుంటున్నానో చెప్పాలంటే, ఇప్పటిదాకా ఎక్కడా చెప్పని నా సంగతి ఒకటి చెప్పాలి.

1979. మైదానంలో మా ఊరి హైస్కూల్లో తొమ్మిదో తరగతి చదువుతున్నాను. మా తరగతిలో ఈ జి.మాడుగుల అవతలి పల్లె నుంచి వచ్చిన అబ్బాయి ఒకడు ఉండేవాడు. ప్రభుత్వ హాస్టల్లో ఉండేవాడు. అతని బట్టలకు పొయ్యి పొగ వాసన ఉండేది. మాస్టారు ప్రశ్న అడిగితే లేచి నిలబడేవాడు, జవాబు చెప్పేవాడు కాదు. ఆటల్లో పిలిస్తే నవ్వి ఊరుకునేవాడు. చేరిన వారం లోపల అతనికి 'మూగోడు' అన్న పేరు స్థిరపడింది. ఆ పేరు పెట్టింది నేను. పెట్టినందుకు ఆ వారమంతా బడిలో నా మాట చెల్లింది. ఆ సంతోషం ఎలా ఉండేదో ఇప్పటికీ గుర్తుంది.

ఆ వేసవిలో మా మావయ్య నన్ను వెంటబెట్టుకుని కొండమీది సంతకు తీసుకొచ్చాడు. ఆయన చింతపండు, పసుపు, పిక్కలు కొనేవాడు. షావుకార్ల తూకాల గురించి మీ తాతల దగ్గర మీరు వినే ఉంటారు. ఆ తూకాల నుంచి కాపాడి గిట్టుబాటు ధర ఇప్పించడానికే 1956లో గిరిజన సహకార సంస్థ పుట్టింది. అయినా సంతలో తక్కెడలు చాలాకాలం ఆడాయి. మా మావయ్య తక్కెడ కూడా వాటిలో ఒకటి. ఆయన చెయ్యి చాలా చురుకు. బుట్ట పళ్ళెంలో పెట్టడం, తక్కెడ ఎత్తడం, బరువు చెప్పడం, కింద పడేయడం ఒక్క ఊపులో జరిగిపోయేవి. ముల్లు నిలబడేదాకా ఆగేవాడు కాదు. నేను గోనెసంచుల దగ్గర కూర్చుని ఆ వేగాన్ని గొప్పగా చూస్తున్నాను.

ఒకామె అడ్డాకులు కప్పిన చింతపండు బుట్ట దించింది. పక్కన మా మూగోడు. వాళ్ళమ్మ అని అప్పుడు తెలిసింది. మావయ్య తూచి ఒక లెక్క చెప్పాడు. ఆమె ఏదో అడిగింది. కువి భాష అని నాకు ఎన్నో ఏళ్ళ తరువాత తెలిసింది. అతను ఆమెకు అదే భాషలో బదులు చెప్పాడు. పక్క దుకాణం దగ్గర ఉన్న పెద్దాయన కలగజేసుకుంటే, ఆయనతో ఆదివాసీ ఒరియాలో మాట్లాడాడు. తరువాత మా మావయ్య వైపు తిరిగి, అరవకుండా, తడబడకుండా, మా తరగతి గదిలో నేను ఏనాడూ వినని తెలుగులో, "షావుకారు గారూ, మళ్ళా ఓపాలి తూచండి. ముల్లు నిలబడలేదు" అన్నాడు.

మూడు భాషలు, ఒక నిమిషం. నాకు ఒక్క భాష వచ్చు. అతను మూగవాడు, నేను తెలివైనవాణ్ణి.

2004లో మన రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో, కువిలోనూ ఆదివాసీ ఒరియాలోనూ సహా, చిన్న తరగతులకు మాతృభాషలో బోధన మొదలైనప్పుడు, ఆ వాచకం ఒకటి సంపాదించి చాలాసేపు చేతిలో పట్టుకుని కూర్చున్నాను. ఒక్క మాట కూడా అర్థం చేసుకోలేకపోయాను. ఇంట్లో ఒక భాష, సంతలో ఒక భాష, బడిలో ఒక భాష మోసుకొచ్చే పిల్లవాడు మొదటి నెలల్లో మౌనంగా ఉంటాడు. ఆ మౌనంలో ఎంత పని జరుగుతున్నదో ఉపాధ్యాయ శిక్షణలో నాకు ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. ఈ మాస్టారు మాత్రం ఎవరూ చెప్పకుండానే గడి ఖాళీగా ఉంచారు.

ఆ రోజు మావయ్య మళ్ళీ తూచాడు. సంతలో నలుగురూ చూస్తున్నారు కాబట్టి తూచాడు. లెక్క మారింది. నేను సంచుల వెనక్కి జరిగి, తల వంచుకుని, దారం ముడి ఒకటి విప్పుతున్నట్టు నటించాను. జూన్‌లో బడి తెరిచారు. అతను ఎప్పటిలాగే చివరి బెంచీలో కూర్చున్నాడు. సంత సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే నా మాట చెల్లడం ఆ రోజుతో ఆగిపోయేది. అతన్ని ఆ పేరుతో పిలవడం నేను మానేశాను, కానీ మిగిలినవారు పిలుస్తుంటే ఆపలేదు. పదో తరగతి తరువాత అతను ఏమయ్యాడో నాకు తెలియదు.

ఈ సంగతిని కథగా రాయాలని నాలుగుసార్లు కూర్చున్నాను. నాలుగుసార్లూ చెడింది. చెడిన కారణం చెబుతాను, ఇక్కడ కథలు రాసే పిల్లలకు పనికిరావచ్చు. మొదటిసారి నన్ను దుర్మార్గుణ్ణి చేసి రాశాను, అది సులువు. రెండోసారి అతన్ని దేవుణ్ణి చేశాను, అది ఇంకా సులువు. 'మూగోడు' అన్న ముద్ర చెరిపి 'మహానుభావుడు' అన్న ముద్ర వేశాను, అంతే తేడా. మూడోసారి చివర్లో అతను నన్ను క్షమించినట్టు రాశాను. అతను క్షమించాడని నాకెవరు చెప్పారు? అలా బలవంతాన ముగించని కథలూ ఉన్నాయి. టోనీ కేడ్ బంబారా అనే రచయిత్రి 1972లో అచ్చువేసిన సంపుటిలో 'పాఠం' అనే అర్థం వచ్చే పేరుతో ఒక కథ ఉంది. హార్లెం పేట పిల్ల సిల్వియా, తమకు ఊరకే చదువు చెప్పే మిస్ మూర్ అంటే మొదటి వాక్యం నుంచీ పడని పిల్ల. ఆమె పిల్లల్ని ఖరీదైన బొమ్మల కొట్టుకు తీసుకెళ్ళి, 1,195 డాలర్ల బొమ్మ పడవ చూపిస్తుంది. సిల్వియా లోపల ఏదో కదులుతుంది. అయినా కథ అయిపోయేదాకా ఆమెకు నమస్కారం పెట్టదు, తప్పయిందనదు. రచయిత్రి ఆ పిల్లను బలవంతపెట్టలేదు. ఆ నిజాయితీ నాకు చేతకాలేదు. నాలుగోసారి కాగితం మీద సంతను బాగానే నిలబెట్టాను. అడ్డాకులు, గోనె వాసన, మావయ్య చెయ్యి, ముల్లు, అన్నీ వచ్చాయి. ఒకచోట ఆగిపోయాను.

సంచుల వెనక ఉన్న నన్ను అతను చూశాడు. రెండో తూకం అయ్యాక, డబ్బులు లెక్కపెట్టి అమ్మ చేతిలో పెట్టి, ఖాళీ బుట్ట భుజానికి తగిలించుకుని వెళ్ళబోతూ, తల తిప్పి నావైపు చూశాడు. కొద్దిసేపు చూశాడు. ఆ క్షణంలో అతను నన్ను ఏ మాటతో పిలుచుకున్నాడు? ఏ భాషలో పిలుచుకున్నాడు? అమ్మ అడిగితే నేనెవరినని చెప్పాడు? తిరుగుదారిలో గెడ్డ దాటేటప్పుడు నా సంగతి తలుచుకున్నాడా, లేక నా కోసం ఒక్క ఆలోచన కూడా ఖర్చు చేయలేదా?

అక్కడినుంచి ఒక్క వాక్యం కూడా నేను రాయలేను. ఆ కథ తక్కెడకు అటువైపు నుంచి రాయవలసింది. ఈ హాలులో తొమ్మిదో తరగతి పిల్లలు, పదో తరగతి పిల్లలు, కళాశాల నుంచి వచ్చినవారు ఉన్నారు. ఆ సంత మీది, ఆ బుట్ట మీ అమ్మది, ఆ మూడు భాషలూ మీవి. గోనెసంచుల వెనక దారం ముడి విప్పుతున్నట్టు నటిస్తున్న కుర్రాణ్ణి నేనే. మీకు కనిపించినట్టుగా, ఏ భాషలో తోస్తే ఆ భాషలో నన్ను రాయండి. తొందరేమీ లేదు, సంక్రాంతి దాకా చూసి రాయండి. రాసి, ఈ సభ ఏర్పాటుచేసిన పెద్దల దగ్గర నా చిరునామా ఉంది, పంపించండి.